చంద్రరావు సొరుగులోని రబ్బరు స్టాంపు

2001 మార్చి ఇరవై ఆరు, సోమవారం. వల్లెపు వీరవేణి ఇరిగేషన్ డివిజన్ ఆఫీసు వరండాలో ఉదయం పదిన్నర నుంచి మధ్యాహ్నం మూడున్నర దాకా నిలబడింది. కూర్చోమని ఎవరూ అనలేదు. ఆమెకు కావలసింది ఒక టెండరు షెడ్యూలు. రేటు రాసి టెండరు పెట్టెలో వేసే పన్నెండు పేజీల కాగితాలు, వెల మూడు వందలు. డబ్బు కొంగున ముడివేసుకుని వచ్చింది.

కిటికీ దగ్గరి గుమస్తా మొదట షెడ్యూళ్లు ఇంకా రాలేదన్నాడు. భోజనాలయ్యాక వచ్చి, అయిపోయాయన్నాడు. మూడున్నరకు కూడా ఆమె అక్కడే ఉండటం చూసి విసుగొచ్చి నిజం చెప్పాడు.

“ఏ సొసైటీ అన్నావ్?”

“దుర్గాభవాని లేబర్ కాంట్రాక్టు సొసైటీ అండి. పెదకోడుపాలెం.”

“మీ సొసైటీ పేరున శుక్రవారమే తీసుకెళ్లిపోయారమ్మా. ఒకే సొసైటీకి రెండేసి ఇవ్వం.”

“ఎవరు తీసుకెళ్లేరండి?”

“ఎవరేంటి? మీ సొసైటీయే. ఇదిగో, స్టాంపు కూడా వేశారు.”

రిజిస్టరు ఆమె వైపు తిప్పాడు. ఊదారంగు సిరాలో గుండ్రటి స్టాంపు. వీరవేణి ఏడో తరగతి దాకా చదివింది కాబట్టి చుట్టూ ఉన్న అక్షరాలు తల తిప్పుతూ చదవగలిగింది. ఆ సొసైటీ పుట్టి పదమూడేళ్లు. ఆమె మొదటి రోజు నుంచీ సభ్యురాలు. దాని స్టాంపును ఆమె చూడటం అదే మొదటిసారి.

ఆ స్టాంపు ఎక్కడుంటుందో మాత్రం పెదకోడుపాలెంలో అందరికీ తెలుసు. చంద్రరావు ఇంటి ముందుగదిలో, బల్ల సొరుగులో. చంద్రరావుకు నలభై ఎకరాల మాగాణి, రైసుమిల్లులో వాటా, రెండు పొక్లెయిన్లు ఉన్నాయి. ఆ సొరుగులో అలాంటి స్టాంపులు నాలుగు ఉన్నాయి. నాలుగు ఊళ్ల నాలుగు సొసైటీలు.

డెల్టాలో ప్రతి వేసవీ కాలవలు కట్టేస్తారు. ఏప్రిల్ నుంచి జూన్‌లో నీళ్లు వదిలేదాకా పూడిక తీయాలి, గట్లు బలం చెయ్యాలి. ఆ పనుల్లో చిన్నవాటిని, ఐదు లక్షల లోపువాటిని, కూలీలే కలిసి పెట్టుకున్న సొసైటీలకు కేటాయించారు. ధరావతు కట్టక్కర్లేదు. పెద్ద కాంట్రాక్టర్లు పోటీకి రాకూడదు. మట్టిపని కులవృత్తిగా ఉన్న వడ్డెరలకు బతుకుతెరువు దొరకాలన్నది ఉద్దేశం. మంచి ఉద్దేశమే. చంద్రరావు ఆ ఉత్తర్వును అందరికంటే ముందు చదివాడు.

1988లో ఆయన వడ్డెరగూడెం జనాన్ని బడి వరండాలో కూర్చోబెట్టి ముప్పై ఒక్కమంది వేలిముద్రలు తీసుకున్నాడు. వీరవేణి తండ్రి సత్తియ్యను ప్రెసిడెంటును చేశాడు. అప్పటి నుంచి దుర్గాభవాని సొసైటీ ఇరవై రెండు పనులు గెలుచుకుంది. ఇరవై రెండూ చంద్రరావు పొక్లెయిన్లు చేశాయి. గూడెం వాళ్ల వంతు ఏడాదికి ఒక్కరోజు. ఆ రోజు చంద్రరావు ఇంటికి వెళ్లి కాగితాల మీద వేళ్లు నొక్కాలి. అయ్యాక ఇడ్లీ పెడతారు. మగవాళ్లకు ఒక లుంగీ, ఆడవాళ్లకు ఒక జాకెట్టు ముక్క. గూడెంలో ఆ రోజుకు ఒక పేరు కూడా ఉంది: లుంగీల రోజు. పిల్లలు కూడా ఎదురుచూసేవారు.

2000 వేసవిలో వీరవేణి, మరో ఆరుగురు ఆడవాళ్లు కూలికోసం తిరుగుతూ చింతలకోడు చానల్ మీదికి వెళ్లారు. అక్కడ పొక్లెయిన్ బురద తోడి గట్టున పోస్తోంది. పక్కన రేకు బోర్డు: పని చేయువారు, దుర్గాభవాని లేబర్ కాంట్రాక్టు సొసైటీ. వీరవేణి డ్రైవరును అడిగింది, గట్టు చదును చెయ్యడానికైనా మనుషులు కావాలా అని. “కూలోళ్లతో పనిలేదమ్మా ఇక్కడ. ఎల్లండి, మిషన్ తిరుగుద్ది” అన్నాడు. తాము గెలిచిన పనిలో తమకే కూలి దొరకలేదు. ఏడాది తర్వాత ఆమె షెడ్యూలు కోసం ఆఫీసుకు వెళ్లిందంటే కారణం ఆ బోర్డు.

సోమవారం సాయంత్రం ఇంటికొచ్చి తండ్రిని అడిగింది.

“నాన్నా, రేపెల్లి మన స్టాంపు అడిగి పట్రా.”

సత్తియ్య చుట్ట ఆర్పాడు. “దేనికే?”

“టెండరు మనవే ఏద్దాం. మనవే తవ్వుదాం.”

“మనవా? కాయితాలూ, ఆఫీసులూ, ఆఫీసర్లూ... నీ వల్లవుద్దా? ఆయనుండబట్టి ఇన్నాళ్లూ సొసైటీ నిలబడింది.”

“ఏం నిలబడింది? ఒక్క తట్టమట్టి ఎత్తేవా పదమూడేళ్లల్లో?”

“నలుగుర్లో నన్ను ప్రెసిడెంటు గారూ అని పిలుత్తాడే ఆయన. మన కులంలో ఎవడికుందే ఆ మర్యాద?”

“పిలిచి ఎక్కడ కూకోబెడతాడు? కుర్చీలోనా, అరుగుమీదా?”

సత్తియ్య ఆర్పిన చుట్ట మళ్లీ వెలిగించుకున్నాడు. మర్నాడు చంద్రరావు ఇంటికి వెళ్లలేదు. వీరవేణే వెళ్లింది. చంద్రరావు పేపరు దించకుండానే విన్నాడు.

“స్టాంపు నీకెందుకమ్మా? పోస్టాఫీసేమైనా పెడతావా?”

పక్కనున్నవాళ్లు నవ్వారు.

“మా సొసైటీది కదండీ.”

“మీదే. ఎవరు కాదన్నారు? భద్రంగా ఉంటుందని నా దగ్గరుంచాను. మీ గుడిసెలో పెడితే ఎలకలు కొరికేస్తాయి. మీ నాన్నను పంపు, మాట్లాడతాను. ఆడపిల్లవి, నీతో ఏం మాట్లాడను?”

ఆమె వయసు ముప్పై తొమ్మిది. భర్త పోయి నాలుగేళ్లు దాటింది. ఇద్దరు పిల్లల్ని మట్టి మోసి పెంచింది. అయినా ఆయన లెక్కలో ఆడపిల్లే.

అక్కడి నుంచి ఆమె నేరుగా సహకార శాఖ ఆఫీసుకు వెళ్లింది. అక్కడి ఇన్‌స్పెక్టరు సుధాకర్ సొసైటీ ఫైలు తెప్పించి ముందు పెట్టాడు. ఆయన మరీ ధర్మాత్ముడేం కాదు. నాలుగేళ్లుగా ఆ ఫైలు మీద ఆయనే సంతకాలు పెట్టాడు. అంతకు నాలుగు రోజుల ముందే బదిలీ ఆర్డరు వచ్చింది, ఇక ఎవరికీ భయపడక్కర్లేదు. అంతే తేడా.

ఫైల్లో ఏటేటా జరిగినట్టు రాసిన మహాజన సభల తీర్మానాలున్నాయి. వీరవేణి పేజీలు తిప్పుతూ 1999 దగ్గర ఆగింది. పదిహేనో నంబరు, వల్లెపు వెంకన్న, వేలిముద్ర. వెంకన్న ఆమె భర్త. 1996 తుపాను తర్వాత నెలకు జ్వరంతో పోయాడు. పోయిన మూడేళ్లకు సభకు వచ్చి, చర్చల్లో పాల్గొని, చంద్రరావు తెచ్చిన తీర్మానాన్ని బలపరిచినట్టు అందులో ఉంది.

“ఈ వేలెవరిదండీ?” అంది.

సుధాకర్ తొంగిచూసి మళ్లీ కుర్చీలో వెనక్కి వాలాడు. “ఎవరిదో. వేలుకు పేరుండదు కదమ్మా.”

ఇంకో ముగ్గురు కూడా అలాగే బతికి ఉన్నారు ఆ ఫైల్లో. వీరవేణి ఆ పేజీని చాలాసేపు చూసింది. స్టాంపు తిరిగి రావాలంటే ఏంచేయాలో చెప్పమంది.

దారి చిన్నదే. ఏడు రోజుల నోటీసు ఇచ్చి సభ పెట్టాలి. బతికున్న ఇరవై ఏడుగురిలో పద్నాలుగురు చేతులెత్తితే కొత్త ప్రెసిడెంటు. పాత స్టాంపు రద్దని తీర్మానం రాస్తే, ఇన్‌స్పెక్టరు ఆ సంగతి ఇరిగేషన్ ఆఫీసుకు ఉత్తరం రాస్తాడు. టెండర్లు ఏప్రిల్ తొమ్మిదిన. నోటీసు మర్నాడే ఇచ్చి, సభ ఏప్రిల్ ఐదున పెట్టుకున్నారు. వెళ్లబోతుంటే సుధాకర్ తీర్మానాల నకళ్లు, సొసైటీకి ఇరిగేషన్ శాఖ ఇచ్చిన అనుభవ ధ్రువపత్రాల నకళ్లు ఒక కవర్లో పెట్టి ఇచ్చాడు. “ఇవి నీ దగ్గరుంచు. నేనిచ్చానని చెప్పకు” అన్నాడు.

సభ్యులు ఊళ్లో లేరు. మిషన్లొచ్చాక గూడెంలో ఎవరు మిగిలారు గనక? సగం మంది కడియం నర్సరీల్లో మొక్కల లోడింగుకు వెళ్లారు. వీరవేణి రెండు రోజులు కడియంలోనే ఉంది. లారీ దగ్గర కుండీలు అందిస్తున్నవాళ్ల పక్కన తనూ నిలబడి, కుండీలు అందిస్తూనే మాట్లాడింది. కొందరు చంద్రరావు దగ్గర అప్పున్నామన్నారు. ఒకడు లుంగీ పోతుందన్నాడు, నిజంగానే అన్నాడు. బుల్లెమ్మ అనే అరవై ఏళ్లావిడ కుండీ కిందపెట్టి వాడి వైపు తిరిగింది.

“లుంగీకి అమ్ముడైపోయేవంట్రా? నీ పెళ్లాం ఇంకా నయం, జాకెట్టు ముక్కయినా మిగుల్చుకుంది.”

ఏప్రిల్ ఐదున బడి వరండాకు పదిహేడుగురు వచ్చారు. పదిహేడుగురూ చేతులెత్తారు. సత్తియ్య రాలేదు. ఆ సమయానికి ఆయన చంద్రరావు అరుగు మీద ఉన్నాడు, కూతురు ఏం చేస్తోందో చెప్పడానికి. చంద్రరావు అక్కడికక్కడే షెడ్యూలు తీసి, ఏప్రిల్ రెండో తేదీ వేసి, ఆయన వేలు నొక్కించుకున్నాడు. తేదీ రెండయితే సత్తియ్య అప్పటికింకా ప్రెసిడెంటే. పదమూడేళ్లలో మొదటిసారి ఆ రోజు సత్తియ్యకు కుర్చీ వేశారు.

వీరవేణి తణుకులో నలభై రూపాయలిచ్చి కొత్త స్టాంపు చేయించింది. ఇన్‌స్పెక్టరు ఉత్తరం చూపించాక గుమస్తా షెడ్యూలు ఇవ్వక తప్పలేదు. రేటు వేసుకోవడానికి ఆమెకు ఎవరి సాయమూ అక్కర్లేదు. బురద మట్టి ఎంత బరువో, గట్టు మీదికి ఒక మనిషి రోజుకు ఎన్ని తట్టలు మోయగలదో ఆఫీసులో ఉన్న ఇంజినీర్లందరికంటే ఆమెకు బాగా తెలుసు. చింతలకోడు చానల్ పని అంచనా నాలుగు లక్షల అరవై రెండు వేలు. రెండు శాతం తక్కువకు వేసింది.

తొమ్మిదో తేదీ టెండరు పెట్టె మేడమీద పెట్టారు. మెట్లకు అడ్డంగా చంద్రరావు మనుషులు ఆరుగురు. ఎవరినీ కొట్టరు, తిట్టరు. పైకి వెళ్లేవాళ్ల చెయ్యి పట్టుకుని, టీ తాగుదాం రమ్మని బజారుకు తీసుకుపోతారు. మూడు గంటలు దాటాక వదిలేస్తారు. పెట్టె మూసేది మూడింటికే. పద్ధతి అది. ఆడవాళ్లు పదిమంది కలిసి వస్తే ఎవరి చెయ్యి పట్టుకోవాలో వాళ్లకు తోచలేదు.

“ఏంటక్కా, పెళ్లిచూపులకొచ్చేరా ఇంతమంది?” అన్నాడు ఒకడు.

“ఆయ్, మీ అయ్యగారినే సూద్దామనొచ్చేం. ముసిలోడైపోయేడు, వద్దంది మా పిల్ల. తప్పుకో” అంది బుల్లెమ్మ, వాడి పాదం మీద పాదం వేసి ఎక్కుతూ.

కవరు పెట్టెలో పడింది. సాయంత్రం నాలుగింటికి ఎగ్జిక్యూటివ్ ఇంజినీరు, ఈఈ గారి గదిలో తెరిచారు. మొత్తం ఐదు టెండర్లు. నాలుగింటి మీదా ఒకే చేతిరాత, ఒకే నీలం సిరా. నాలుగు శాతం నుంచి ఐదు శాతం దాకా అన్నీ అంచనా కంటే ఎక్కువకే. గదిలో ఉన్న ఏడుగురు ఉద్యోగుల్లో ఆ చేతిరాత గుర్తుపట్టనివాడు లేడు. అయినా రేట్లు వరసగా రిజిస్టరులోకి ఎక్కించారు. ఐదోది వీరవేణిది.

“దుర్గాభవాని సొసైటీ నుంచి రెండొచ్చాయేంటి?” అన్నాడు ఈఈ.

వీరవేణి ఇన్‌స్పెక్టరు ఉత్తరం బల్లమీద పెట్టింది. చంద్రరావు సత్తియ్య వేలిముద్ర తేదీ చూపించాడు. ఈఈ రెండూ చదివి, ఏదో ఒకటి తీసెయ్యడానికి వంక వెతుక్కుంటున్నట్టు ఆమె వైపు చూశాడు.

“ఇంత తక్కువకు చేస్తామంటున్నారు. రేపు సగంలో వదిలేసిపోతే? మీకు ఇలాంటి పని చేసిన అనుభవం ఉందా?”

వీరవేణి కవర్లోంచి ఇరవై రెండు ధ్రువపత్రాలు తీసి వరసగా పరిచింది. అన్నీ ఆ ఆఫీసు ఇచ్చినవే. పని సకాలంలో, సంతృప్తికరంగా పూర్తిచేశారని. చివరి ఆరింటి మీద ఉన్నవి ఎదురుగా కూర్చున్న ఈఈ సంతకాలే.

అప్పుడు చంద్రరావు లేచాడు. పదమూడేళ్లుగా తాను కట్టుకున్న అనుభవం తన కళ్లముందే వేరేవాళ్ల బల్లమీద పరుచుకునేసరికి ఆయన ఓర్చుకోలేకపోయాడు.

“వీళ్ల అనుభవమా సార్ ఇది? ఇరవై రెండు పనుల్లో ఒక్క తట్ట మోసేరేమో అడగండి! మిషన్లు నావి, డీజిలు నాది, మనుషులు నావాళ్లు! వీళ్లు చేసిందేంటి, నా ఇంట్లో ఇడ్లీ తిని వెళ్లడం తప్ప?”

ఫ్యాను తిరుగుతోంది, కాగితాలు ఎగరకుండా గుమస్తా చెయ్యి అడ్డం పెట్టాడు. చంద్రరావుకు తానేం అన్నాడో తెలియడానికి కొంచెం సమయం పట్టింది.

“రాసుకోండి సార్,” అంది వీరవేణి. “ఆయన చెప్పింది అచ్చరం పొల్లుపోకుండా రాసుకోండి. నిజవే చెప్పేరు. మేం కింద సంతకాలెడతాం.”

ఈఈ పెన్నుకు మూత పెట్టేశాడు. రాస్తే, సొసైటీ కూలీలే చేశారని కొలతల పుస్తకాల్లో ఇరవై రెండుసార్లు రాసినవాళ్లంతా జవాబు చెప్పాలి. పది నిమిషాలు లోపలి గదిలో ఎవరితోనో ఫోన్లో మాట్లాడి వచ్చి, సత్తియ్య వేలిముద్ర ఉన్న టెండరు చెల్లదన్నాడు. పని తక్కువ రేటు వేసిన వీరవేణికి వచ్చింది.

ఈ చివరి వాక్యాన్ని చూసి న్యాయం జరిగిందనుకోవడం తేలిక. తక్కువ రేటు వేసినందుకు ఆమె గెలవలేదు, అర్హత ఉన్నందుకూ గెలవలేదు. ఆ గదిలో అందరూ దొంగలే అని ఒక దొంగ నోరుజారినందుకు గెలిచింది. చంద్రరావు ఆ పూట ఒక్క నిమిషం నోరు మూసుకుని ఉంటే ఆమె కాగితాల్లో ఏదో ఒక తప్పు దొరికేది. ఆయన ఒప్పుకున్న నేరానికి విచారణ లేదు, నోటీసు లేదు. మిగతా మూడు స్టాంపులూ ఆ సొరుగులోనే ఉండిపోయాయి. ఆ వేసవిలోనే వాటి మీద వేరే చానళ్లలో ఐదు పనులు వచ్చాయి. చచ్చిపోయిన నలుగురి వేలిముద్రల ఫైలు మీద కొత్త ఇన్‌స్పెక్టరు “పరిశీలించబడినది” అని రాసి బీరువాలో పెట్టాడు.

ఏప్రిల్ ఇరవైన చింతలకోడు చానల్లోకి పంతొమ్మిదిమంది దిగారు. రెండు కిలోమీటర్ల ఎనిమిది వందల మీటర్లు. నాలుగో రోజు ఉదయం సత్తియ్య పార భుజాన వేసుకుని వచ్చాడు. ఎవరూ పలకరించలేదు, ఎవరూ పొమ్మనలేదు. అక్కడక్కడా పూడిక తీయకుండా మట్టి దిమ్మలు నిలబెట్టాల్సిన చోట్లు ఆయనే గీసి చూపించాడు. తవ్వకముందు పూడిక ఎంత ఎత్తున ఉందో చెప్పే సాక్ష్యాలు ఆ దిమ్మలే. అవి చూసి లోతు కొలుస్తారు.

ఇరవై ఆరో రోజున అసిస్టెంట్ ఇంజినీరు గణేష్‌బాబు మోటారుసైకిలు దిగకుండానే గట్టు మీంచి చూశాడు.

“బావుంది బావుంది. దిమ్మలు తీసేయండి, నీళ్లొదిలే టైమొస్తోంది. కొలతలు నేను ఆఫీసులో రాసుకుంటాను.”

“ఇక్కడే రాయండి బాబూ,” అంది వీరవేణి.

“నా మీద నమ్మకం లేదా?”

“లేదండి.”

గణేష్‌బాబు చుట్టూ చూశాడు. అందరూ పారలు ఆపి నిలబడ్డారు. అతను ప్యాంటు మడిచి, బురదలోకి దిగి, ఒక్కో దిమ్మ దగ్గరా టేపు పెట్టి కొలత పుస్తకంలో రాశాడు. రెండున్నర గంటలు పట్టింది. బూటు ఒకటి బురదలో ఊడిపోతే బుల్లెమ్మ తీసిచ్చింది. అతను రాసిన ప్రతి అంకెనూ వీరవేణి పైకి చదివించింది. ఆ తర్వాతే దిమ్మలు కొట్టేశారు.

బిల్లు ఆగస్టులో వచ్చింది. మధ్యలో ఆమె ఆఫీసుకు పదకొండుసార్లు తిరిగింది. అది వేరే సంగతి. సొసైటీకి ఇరవై మూడో అనుభవ ధ్రువపత్రం కూడా వచ్చింది. మరుసటి వేసవికి మూడు పనులకు టెండర్లు వేయాలని గూడెంలో అనుకున్నారు. పక్క ఊరి సొసైటీ వాళ్లు ఇద్దరు వచ్చి, తమ స్టాంపు ఎలా తెచ్చుకోవాలో అడిగి వెళ్లారు.

2002 మార్చిలో టెండరు నోటీసు వచ్చింది. వీరవేణి దాన్ని ఆఫీసు బోర్డు దగ్గర నిలబడి రెండుసార్లు చదివింది. అంతకుముందు ఏడాది దాకా విడివిడిగా పిలిచిన పద్నాలుగు చానళ్ల పనులను నాణ్యత దృష్ట్యా ఒకే ప్యాకేజీగా కలిపినట్టు అందులో ఉంది. అంచనా విలువ అరవై రెండు లక్షలు. సొసైటీలు వేయదగిన పరిమితి ఐదు లక్షలు.